కనిపించని మంటకు కాపలా: మన ‘ఆగండి మేడమ్’ పదవీ విరమణ వేళ

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదో సంవత్సరం ఆగస్టు పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం, మన దహన పరిశోధనశాలలో కనిష్ఠ శాస్త్రవేత్తగా చేరుతున్నట్లు ఒక యువతి సంతకం చేశారు. ఆ సిరా తడి ఆరకముందే అప్పటి విభాగాధిపతి ఎదుట నిలబడి, “ఇక్కడ మంట ఎక్కడ పెడతారండీ?” అని అడిగారట. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, “ఆగమ్మా, ముందు నీకు కుర్చీ ఎక్కడ వేయాలో చూడనీ” అన్నారట. ఈ సంస్థలో ఆమెను ఎవరైనా ఆగమనడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళూ మనందరినీ ఆగమన్నది ఆమే. అందుకే అసలు పేరు జీతాల పట్టీకే పరిమితమైపోయి, డైరెక్టరుగారి నుంచి ద్వారపాలకుని దాకా అందరికీ ఆమె ‘ఆగండి మేడమ్’ అయ్యారు.

రసాయన శాస్త్రంలో ఉన్నత విద్య పూర్తిచేసి, చిత్రలేఖనం బోధించే ఉపాధ్యాయుని చేయిపట్టి, మాటకు మాట అప్పజెప్పగల అత్తగారి ఇంట అడుగుపెట్టిన ఆమె, బరువు లేని చోట మంట ఎలా ప్రవర్తిస్తుందన్న ఒక్క ప్రశ్నకే తమ ఉద్యోగ జీవితాన్ని అంకితం చేశారు. ఈ అభినందన సంచికను చదివే కుటుంబ సభ్యుల సౌకర్యార్థం ఆ ప్రశ్నను రెండు ముక్కల్లో వివరించడం సముచితం. నేల మీద మంట నిటారుగా నిలబడేది బరువు పుణ్యాన. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లని గాలి చొరబడుతుంది, ఆ ప్రవాహమే మంటకు ఆహారాన్నీ ఆకారాన్నీ ఇస్తుంది. మధ్యలో ఎర్రగా కాలే మసి రేణువుల వల్ల పసుపు వెలుగు వస్తుంది. బరువు తెలియని చోట పైకీ కిందికీ తేడా ఉండదు కనుక, వేడిగాలి పుట్టిన చోటునే చుట్టుకుని ఉంటుంది. ప్రాణవాయువు దానిలోకి నెమ్మదిగా ఇంకవలసిందే. అప్పుడు మంట గుండ్రనవుతుంది, నీలంగా మారుతుంది, మసి తగ్గి మసకబారుతుంది, ఉందో లేదో కంటికి తెలియనంతగా బద్ధకిస్తుంది. ఆమె ఉద్యోగమంతా ఈ చివరి మాట చుట్టూనే తిరిగింది.

ఇదే సంగతిని కొత్త కోడలిగా ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు శ్రద్ధగా విన్నారు.

“అంటే అమ్మాయ్, అక్కడ పొగ పైకి పోదా?”

“పోదత్తయ్యా. దానికి పై అంటే ఏంటో తెలీదు.”

“మరి గిన్నె ఎక్కడ పెడతారు?”

“అక్కడ ఎవరూ వండరత్తయ్యా.”

“అదీ సంగతి. వంట లేని చోటు చూసుకుని మరీ ఉద్యోగంలో చేరావన్నమాట” అని ఆమె తేల్చేశారు. తరువాతి కాలంలో మన సంస్థకు విచ్చేసిన అతిథులలో ఇంత సూటి ప్రశ్న అడిగినవారు అరుదు.

తొలి సంవత్సరాలు మన ‘బావి’ దగ్గర గడిచాయి. బావి అంటే నీళ్ళ బావి కాదు. లోతుగా దిగిన కాంక్రీటు గొట్టం. పరికరాలన్నిటినీ ఒక ఇనుప పెట్టెలో బిగించి, పై నుంచి వదిలేస్తే, అది పడుతున్న ఆ కొద్ది క్షణాలూ పెట్టె లోపల దేనికీ బరువుండదు. లోపల చిన్న గ్యాస్ మంట వెలుగుతూ ఉంటుంది, కెమెరా దాన్ని చూస్తూ ఉంటుంది, కెమెరా చూసేదాన్ని పై గదిలోని తెర మీద మనవాళ్ళు చూస్తూ ఉంటారు. కింద మెత్తటి పరుపులాంటి ఏర్పాటు మీద పెట్టె పడగానే, ఫిట్టరుగారు దగ్గరికి వెళ్ళి మూత తెరుస్తారు. ఆ ఫిట్టరుగారు ఆమెకంటే రెండేళ్ళు ముందు చేరినవారు, చేతిలో పానా లేకపోతే మాట తోచనివారు.

ఇక్కడ ఒక అపశ్రుతిని ప్రస్తావించవలసి ఉన్నది. అభినందన సంచికలో ఇటువంటివి రాయరు. కానీ ఇది వదిలేస్తే సంచికను చదవకుండానే తిరిగి ఇచ్చేస్తానని ఆమే హెచ్చరించారు గనుక, తప్పదు.

చేరిన రెండో ఏట ఒక ప్రయోగంలో, పెట్టె పడుతుండగా తెర మీది నీలి మంట సన్నగిల్లి, సన్నగిల్లి, మాయమైంది. పెట్టె నేలను తాకిన అదురుకు కెమెరా తీగ ఊడిపోయి తెర మొత్తం నల్లబడింది. ఆమె మైకులో, “ఆరిపోయిందండీ, తెరవండి” అన్నారు. ఫిట్టరుగారు తెరిచారు. మంట ఆరలేదు. పడుతున్నంతసేపూ కెమెరాకు అందనంత మసకగా బతికి ఉండి, బరువు తిరిగి రాగానే లేచి నిలబడింది. మూత తీయగానే తగిలిన గాలికి నాలుక చాచింది. ఫిట్టరుగారు తల వెనక్కు లాక్కున్నారు గాని, ఎడమ కనుబొమ్మ మాత్రం దక్కలేదు. వెంట్రుకలు కాలిన కమురు వాసన పై గది దాకా వచ్చింది. ఆమె మెట్లన్నీ పరుగున దిగివచ్చి, ఆయన ఎదుట నిలబడి, రెండు చేతులూ జోడించారు.

“పర్లేదులే అమ్మా, కన్నైతే ఉందిగా” అన్నారాయన. ఆ కనుబొమ్మ మళ్ళీ రాలేదు. ఆనాటి నుంచి ఆయన ‘ఒంటి కనుబొమ్మ’ అనే బిరుదును నవ్వుతూ భరిస్తూ వచ్చారు. ఆమె మాత్రం ఆ సంగతి వచ్చినప్పుడల్లా ఇప్పటికీ తల దించుకుంటారు.

మన శాలలో ‘కళ్ళు మూసుకునే ఆచారం’ పుట్టింది ఆ ప్రమాదం నుంచే. కెమెరాకు అందని వెలుగు కొన్నిసార్లు చీకటికి అలవాటుపడిన కంటికి అందుతుందని ఆమె గ్రహించారు. పెట్టె మీద ఒక గాజు కిటికీ పెట్టించి, అద్దాల వరుస ద్వారా ఆ దృశ్యాన్ని పై గదికి రప్పించారు. ప్రతి ప్రయోగానికీ ముందు దీపాలార్పి, గదిలోని వారంతా కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఆమె చెప్పినప్పుడే తెరవాలి. ఆమె చెప్పేవరకూ ఎవరూ ‘ఆరింది’ అనరాదు. ఎవరి నోట ఆ మాట రాబోయినా చీకట్లోంచి “ఆగండి!” అని వినిపించేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారులు తలుపు తోసి చూస్తే, పట్టపగలు దీపాలార్పుకుని విభాగం విభాగమంతా కళ్ళు మూసుకుని కుర్చీల్లో కూర్చుని ఉంది. వారు ముక్కు మీద వేలేసుకుని, విధి నిర్వహణ వేళ సామూహిక నిద్ర అని ఆరోపిస్తూ సంజాయిషీ కోరారు. “నిద్ర కాదు, మేలుకోవడానికి సన్నాహం” అని ఆమె పంపిన ఏకవాక్య సమాధానం పై కార్యాలయంలో చాలాకాలం నవ్వులపాలైంది. నవ్వినా, ఆచారాన్ని మాత్రం ఎవరూ మాన్పించలేకపోయారు.

పంతొమ్మిది వందల తొంభై ఏడులో ఉప విభాగాధిపతిగా, రెండువేల మూడులో భద్రతా విభాగానికి అధిపతిగా పదోన్నతులు పొందిన ఆమె, శాలకు నియమావళిని రచించారు. అందులో ఒక నియమం: మంట ఆరిన వెంటనే ఫ్యాన్ వేసి, మిగిలిన గ్యాస్‌ను బయటికి పంపవలెను. నియమం నిర్దుష్టమైనదే, దానితో మనం ఏళ్ళ తరబడి క్షేమంగా పనిచేశాం. అదే నియమం ఒకనాడు ఆమె ఎదుటే నిలబడి ప్రాణం మీదికి తెచ్చింది.

రెండువేల ఆరులో మన ప్రయోగం విమానం ఎక్కింది. బావిలో దొరికే క్షణాలు చాలవని, ఆకాశంలో వంపులు తిరిగే ప్రత్యేక విమానాన్ని ఏర్పాటు చేశారు. అది ఏటవాలుగా ఎగిరి, విసిరిన రాయి లాగా వంపు తిరిగి దిగుతున్నంతసేపూ, అంటే ఇరవై సెకన్ల పైచిలుకు, లోపలివారు దూదిలా తేలుతారు. ఆ తర్వాత విమానం పైకి లేచేటప్పుడు తమ బరువే రెట్టింపై నేలకు అతుక్కుపోతారు. మనుషులు ప్రయాణించే వ్యోమనౌకలో గ్యాస్ కారి అంటుకుంటే ఆ మంట ఎంతసేపు బతుకుతుందన్నది తేల్చుకోవాలి. మందపాటి అద్దపు పెట్టె చుట్టూ ముగ్గురు: తెర ముందు డైరెక్టరుగారు, మీటల దగ్గర ఫిట్టరుగారు, పెట్టె కిటికీకి ముఖం ఆనించి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని ఆమె. విమానం ఎక్కినా ఆచారం ఆచారమే. వంపుకు ముందు గుడ్డ కింద కళ్ళు మూసుకునేవారు.

ఆనాటి చివరి వంపు మొదలైంది. కరెంటుతో ఎర్రగా కాగిన తీగ గ్యాస్‌ను ముట్టించింది, పసుపు మంట లేచింది, కాళ్ళు నేలను వదలగానే ముడుచుకుని నీలి బంతి అయింది. కొంతసేపటికి తెర మీద బంతి లేదు.

ఫిట్టరుగారు గ్యాస్ కట్టే మీట నొక్కారు. పక్కన పచ్చదీపం వెలగాలి. ఎర్రదీపమే వెలుగుతోంది. మళ్ళీ నొక్కారు. ఎర్రదీపం కదలలేదు. వాల్వ్ ఇరుక్కుపోయింది, గ్యాస్ పెట్టెలోకి వస్తూనే ఉంది.

“మంట ఆరిపోయింది, గ్యాస్ నిండిపోతోంది. ఫ్యాన్ వేయండి!” అన్నారు డైరెక్టరుగారు.

ఫిట్టరుగారి వేలు ఫ్యాన్ మీట మీదికి వెళ్ళింది.

“ఆగండి!”

నల్లగుడ్డ లోంచి వచ్చిన ఆ కేకకు వేలు గాలిలోనే నిలిచిపోయింది.

గుడ్డ కింద ఆమెకు ఏదో కనిపిస్తోంది. ఉంగరమంత నీలం. లేక ఇంతకుముందు చూసిన వెలుగు తాలూకు మచ్చ కంట్లో మిగిలిపోయిందా? ఆమెకు తెలియదు. మంట ఆరిపోయి ఉంటే డైరెక్టరుగారి మాటే నిజం, ఆలస్యమైన ప్రతి క్షణమూ పెట్టెలో గ్యాస్ పేరుకుంటుంది, రాజుకున్న తీగ ఇంకా వేడిగానే ఉంది. మంట బతికి ఉంటే ఫ్యాన్ వేయడమంత పిచ్చిపని లేదు. నేల మీద అగ్గిపుల్లను ఆర్పే గాలే, ఇక్కడ ఊపిరాడక మూలిగే మంటకు అన్నం పెడుతుంది. పేరుకున్న గ్యాస్‌ను గాలితో కలిపి దాని నోటికి అందిస్తుంది. అప్పుడు అద్దం ఆగదు.

“మేడమ్, ఉందా, పోయిందా?” అని ఫిట్టరుగారు అడిగారు.

ఆ క్షణాన ఆమె ముక్కుపుటాలకు కమురు వాసన తగిలిందని, అది ఆ విమానంలోది కాదని, పదిహేనేళ్ళ కిందటిదని, ఆమె తర్వాత చెప్పారు. ఒకసారి ఈ మనిషికే తప్పు చెప్పింది తనే. మళ్ళీ ఈ మనిషే అడుగుతున్నాడు.

ఆమె చూపును మెల్లగా ఎడమకు జరిపారు, తర్వాత కుడికి. కంట్లోని మచ్చ అయితే చూపుతోపాటు జరగాలి. ఆ నీలపు ఉంగరం జరగలేదు. ఉన్నచోటునే ఉంది.

“ఉంది. ఫ్యాన్ ముట్టుకోవద్దు. వాల్వ్ చేత్తో కట్టండి.”

“తెర మీద ఏమీ లేదు!” అని డైరెక్టరుగారు అరిచారు. “ఆరితే ఫ్యాన్ వేయాలని మీరు రాసిన రూలే కదండీ ఇది!”

“నేల మీదికి రాశాను సార్!”

చేత్తో తిప్పే వాల్వ్ కిటికీ కిందే ఉంది. దాన్ని అందుకోవాలంటే ముఖం అద్దానికి ఆనించవలసిందే. ఫిట్టరుగారికి లోపల చీకటి తప్ప ఏమీ కనబడటం లేదు. ఆయన ఒక్కసారి ఆమె గుడ్డ వైపు చూశారు, ఒంటి కనుబొమ్మను అద్దానికి ఆనించి, చేయి కిందికి చాపారు. తిప్పబోతే చక్రం బదులు తనే తిరిగిపోతున్నారు. బరువు లేని మనిషికి కాలు ఆనే చోటేది? ఆమె ఒక పాదాన్ని నేలమీది పట్టీలో ఇరికించి, రెండు చేతులతో ఆయన నడుము బెల్టు పట్టుకున్నారు. ఇద్దరి ముఖాలూ ఒకే అద్దానికి ఆనుకుని ఉన్నాయి.

“తిరుగుతోందా?”

“తిరుగుతోంది. మొండికేస్తోంది గాని తిరుగుతోంది.”

పైలటు గొంతు వినిపించింది: “బరువు వస్తోంది, పట్టుకోండి.”

“ఇంకొక్క చుట్టు మేడమ్!”

బరువు వచ్చింది. ఇద్దరూ మూటల్లా నేలకు పడ్డారు. ఏమీ లేదనుకున్న పెట్టెలో, నట్టనడుమ, పసుపు మంట లేచి నిలబడింది. సన్నగా, పొడుగ్గా, పెట్టె కప్పును నాకుతూ, భగభగమంటూ. డైరెక్టరుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. రెట్టింపు బరువుతో మోకాళ్ళ మీద పాకి, ఫిట్టరుగారు చేయి ఎత్తి, ఆ మిగిలిన చుట్టు తిప్పారు. మంట కుంచించుకుపోయి, నీలమై, చుక్కై, లేకుండా పోయింది. అద్దం చెక్కుచెదరలేదు.

“ఆరిపోయింది” అన్నారు డైరెక్టరుగారు నీరసంగా.

“ఆగండి” అన్నారామె. పెట్టె చల్లబడి, విమానం దిగి, చక్రాలు నిలిచేదాకా ఆ మాటను వెనక్కు తీసుకోలేదు.

విమానం దిగాక ఫిట్టరుగారు అద్దంలో ముఖం చూసుకుని, “రెండోది కూడా పోయుంటే రెండు పక్కలా సమానమయ్యేది మేడమ్, అందగాణ్ణయ్యేవాణ్ణి” అన్నారు. నవ్వబోయిన ఆమె నవ్వలేక, మెట్ల మీద కూర్చుని, అందరి ఎదుటా ఏడ్చేశారు. డైరెక్టరుగారు వచ్చి పక్కనే కూర్చున్నారు. ఆయన తమ తొందరపాటును దాచుకోలేదు. “రూలు మార్చి రాయండి. మొదటి మాట మీదే పెట్టండి” అన్నారు. అందుకే మన నియమావళి ఆ పేజీలో నేటికీ ‘ఆగండి’ అన్న పదంతోనే మొదలవుతుంది: గాలి ఆపండి, గ్యాస్ కట్టండి, చీకట్లో చూడండి, ఆ తర్వాతే మాట్లాడండి.

ఆ సాయంత్రం ఇంట్లో స్టవ్ ముట్టించబోయి, ఆమె లైటరు పట్టుకుని అలాగే నిలబడిపోయారట. అత్తగారు కోడలి చేతిలోంచి లైటరు తీసుకుని, “పక్కకు జరుగు. ఈ పూట మంట నాది” అన్నారట. ఆ మాతృమూర్తి ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో నేటి సభకు వస్తున్నారన్నది మనందరికీ ఆనందదాయకం. కార్యక్రమం పొడుగైతే నిర్మొహమాటంగా లేచి వెళ్ళిపోతానని వారు ముందే సెలవిచ్చారు. వక్తలు గమనించగలరు.

రెండువేల పద్నాలుగు నుంచి దహన పరిశోధన విభాగం మొత్తానికి సారథ్యం వహించిన ఆమె, విభాగాన్ని విస్తరించారు, పలువురు పరిశోధకులను తీర్చిదిద్దారు, వారి తప్పులను సహించారు, తొందరను మాత్రం సహించలేదు. ఎవరు ఎంత విసుక్కున్నా తమ పద్ధతి మార్చుకోలేదు. ఒంటికాలి మీద లేచినవారిని సైతం కూర్చోబెట్టి కళ్ళు మూయించారు. తమను మంటతోనో దీపంతోనో పోలుస్తూ ఎవరైనా ప్రసంగిస్తే సభలోంచి వెళ్ళిపోతానని అత్తగారి బాటలోనే ఆమె కూడా హెచ్చరించారు కనుక, ఈ వ్యాసం ఆ సాహసానికి పూనుకోవడం లేదు.

గత వారం బావిలో ఆమె చివరి ప్రయోగం జరిగింది. నాలుగేళ్ళ కిందటే విరమణ పొందిన ఫిట్టరుగారిని ప్రత్యేకంగా పిలిపించారు. దీపాలార్పారు, అందరూ కళ్ళు మూసుకున్నారు, తెరిచారు, పెట్టె పడింది, నీలం మసకబారింది, చీకటి మిగిలింది. ప్రతిసారీ తీర్పు చెప్పే గొంతు ఈసారి పలకలేదు. ఇకపై ఈ చీకట్లో ఎవరిని అడగాలన్న భయం అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఆ క్షణంలో తెలిసివచ్చింది.

చివరికి ఫిట్టరుగారే అడిగారు. “మేడమ్, ఉందా, పోయిందా?”

“మీరంతా చూసి చెప్పండి” అన్నారామె. “ఇకముందు నేను ఉండనుగా.”

ఒకరొకరుగా, భయపడుతూ, ఎడమకూ కుడికీ చూపు జరిపి చూసి, “ఉంది” అన్నారు. మూత ఎవరూ ముట్టుకోలేదు. ఈసారి గ్యాస్ మరీ సన్నగా వదిలినందున నేలకు చేరాక కూడా వెంటనే లేవని మంట మెల్లగా తేరుకుంది, కాసేపటికి కింది నుంచి కెమెరా దాన్ని పసుపుగా చూపించింది. ఆమె లేచి దీపాలు వేశారు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

బయటికి వస్తూ ఫిట్టరుగారు ఒక ప్రతిపాదన చేశారు. “మీరు రిటైరైన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాను మేడమ్. ‘ఉందా, పోయిందా’ అని అడుగుతాను. ‘ఉంది’ అని చెప్పి పెట్టేయండి, చాలు.”

“నేను ఫోన్ ఎత్తకపోతే?”

“ఆగుతాను. కనబడనంత మాత్రాన పోయిందనుకోకూడదని మీరేగా నేర్పింది.”

ఉద్యోగ బాధ్యతల నుంచి విముక్తులవుతున్న మన మేడమ్ గారికి, ఇన్నేళ్ళూ ఆమె ఆలస్యాలను ఓర్చుకున్న భర్తగారి సాహచర్యంలో, అత్తగారి మాటల సందడిలో, ఆయురారోగ్యాలు సమృద్ధిగా కలగాలని ఈ సంస్థ యావత్తూ మనసారా ఆకాంక్షిస్తున్నది. ఆ ఫోను ఎన్నో ఏళ్ళపాటు ప్రతి ఉదయమూ మోగాలి. అవతలి నుంచి, మంచి ఆరోగ్యంతో, కొంచెం విసుగుతో, ఆ ఒక్క మాటే వినిపించాలి: “ఉందండీ, ఉంది.”